ఇష్టం పుట్టేదాకా ఆగకండి

ప్రశ్న: నా వయసు 44. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ కొన్ని నెలలుగా దేనిమీదా ఆసక్తి లేదు. ఎంతో ఇష్టంగా బొమ్మలు వేసేదాన్ని, ఇప్పుడు రంగుల డబ్బా తెరవబుద్ధి కావడం లేదు. సెలవు రోజంతా ఫోన్ చూస్తూ గడిచిపోతోంది. ‘ఇదంతా ఎందుకు’ అనిపిస్తోంది. జీవితానికి అర్థం ఎలా వెతుక్కోవాలి?
- ఓ పాఠకురాలు

జవాబు: అర్థం సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఇది డిప్రెషనో కాదో తేలాలి. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టరును కలవండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 0 కాక ఇంకేం వచ్చినా, మొత్తంతో పని లేదు, ఆ రోజే వెళ్లండి. థైరాయిడ్ మందగించినా, రక్తం తగ్గినా ఇలాంటి నీరసమే ఉంటుంది కాబట్టి ఆ పరీక్షలూ చేయించమని అడగండి.

ఇక మీ చేతిలో ఉన్న పని. ఆసక్తి లేదని పని మానేస్తాం. మానేస్తే సంతోషం కలిగే సందు మూసుకుపోతుంది. దాంతో ఆసక్తి ఇంకా తగ్గుతుంది. ‘మనసు బాగుపడ్డాక వేస్తాను’ అనుకుంటే ఈ సుడి తెగదు. పని ముందు, ఇష్టం వెనక. ఇది ఓదార్పు మాట కాదు, డిప్రెషన్ చికిత్సలో వాడే పద్ధతే.

మొదటి వారం ఏమీ మార్చకండి. చిన్న నోటు పుస్తకంలో రెండు గంటలకోసారి ఏం చేశారో ఒక్క ముక్క రాయండి. పక్కన రెండు మార్కులు వేయండి: ఎంత హాయిగా ఉంది, ఏదో సాధించానని ఎంత అనిపించింది, రెండూ 10కి. రాత్రి ఒకేసారి గుర్తుచేసుకుని రాయొద్దు. దిగులు మనసు మంచి గంటల్ని మరిచిపోతుంది.

రెండో వారం మూడే మూడు పనులు. ‘మళ్లీ బొమ్మలు వేయాలి’ అన్నది పని కాదు, కోరిక. ‘మంగళవారం సాయంత్రం ఆరున్నరకి, పెన్సిల్ చెక్కి, ఎదురుగా ఉన్న కప్పును పది నిమిషాలు గీయడం’, ఇదీ పని. కాగితం, పెన్సిల్ ముందు రోజు రాత్రే బల్ల మీద పెట్టుకోండి. రంగుల జోలికి ఇప్పుడే పోవద్దు. మొదలుపెట్టే ముందు ‘ఎంత హాయిగా ఉంటుంది’ అని ఓ అంకె రాయండి, అయ్యాక నిజంగా ఎంతో రాయండి. ముందు 1 రాసి, తర్వాత 3 రాసిన రోజు వస్తుంది. మనసు ముందే చెప్పే జోస్యం తప్పని మీకు మీరే చూసుకోవడం ఇందులో అసలు సంగతి. బొమ్మ బాగా వచ్చిందా లేదా అనేది లెక్కలోకి రాదు.

చాలామందికి ఇది ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఉత్సాహంలో రోజంతటికీ టైంటేబుల్ వేసుకుంటారు, మూడో రోజుకే చతికిలబడతారు. ఇంకొందరు గీస్తూనే ‘బాగుందా, బాగుందా’ అని లోపలికి తొంగి చూస్తుంటారు. పది నిమిషాలు ముగిసేవరకు కప్పునే చూడండి. ఓ రోజు తప్పితే దాన్ని రెట్టింపు చేసి తీర్చొద్దు, రాసిపెట్టిన తర్వాతి పనికి వెళ్లిపోండి.

నెల తిరిగాక ఎక్కువ మార్కులు పడ్డ గంటల కింద గీత గీయండి. పక్కన ఎవరున్నారు, మీ చేయి ఏం చేస్తోంది, ఎవరికి పనికొచ్చింది? మీరడిగిన అర్థాన్ని అక్కడ వెతకండి. నెలకీ మార్పు లేకపోతే, లేదా మధ్యలోనే దిగులు పెరిగితే ఒంటరిగా లాగొద్దు, డాక్టరును కలవండి.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. గది దాటి బయటికి రావడం లేదు. ఏమైందిరా అంటే ‘ఏం లేదు నాన్నా’ అంటాడు.
- ఓ తండ్రి

జవాబు: ఎదురుగా కూర్చోబెట్టి అడగకండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, ఇద్దరూ కలిసి ఏదైనా బాగుచేస్తున్నప్పుడో మాట కలపండి. ‘ఎందుకలా ఉన్నావ్’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘వారం రోజులుగా రాత్రిళ్లు లైటు వెలుగుతూనే ఉంది, నిద్ర పట్టట్లేదేమో అనిపించింది’ అని చూసింది చెప్పి ఊరుకోండి. ఆ మౌనం మీకు కష్టంగా ఉంటుంది, అయినా నింపకండి. వాడు నోరు విప్పితే ‘వింటే చాలా, ఏమైనా చెప్పమంటావా’ అని అడగండి.

వాడు తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ‘అవును’ అంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. మందులు, పదునైనవి అందకుండా తీసేసి, వాడి పక్కనే ఉండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.