సగంలో ఆగిపోయిన పాత స్పోర్ట్స్ కారు కొనొచ్చా? కొని, సగంలోనే అమ్మినవాడిగా నా జవాబు

ప్రశ్న: చెన్నైలో ఒకరి దగ్గర 1960ల నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. రిస్టోరేషన్, అంటే విప్పి మళ్లీ కొత్తదానిలా చేసే పని, మొదలుపెట్టి మధ్యలో ఆపేశారట. "ఇంజిన్ కొత్తగా చేయించాం, ఇక బిగించుకోవడమే" అంటున్నారు. కొనొచ్చా? రేపు నా వల్ల కాకపోతే అమ్ముడుపోతుందా?

కొనొచ్చు. కానీ ఆ "ఇక బిగించుకోవడమే" అన్న మాటని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. నేను కొన్నప్పుడూ ఇదే మాట చెప్పారు. బిగించుకోవడమే మిగిలుంటే వాళ్లే బిగించుకుని తిరిగేవాళ్లు కదండీ. విప్పడానికి ఏముంది, ఇద్దరు కుర్రాళ్లు, నాలుగు స్పానర్లు ఉంటే ఒక ఆదివారం చాలు. ఏ ముక్క ఎక్కడిదో విప్పినవాడికే తెలుసు, ఆ మనిషి బండితో పాటు రాడు. మీరు కొంటున్నది కారు కాదు, సామాను. ధర కూడా సామాను ధరే ఉండాలి.

నాదీ స్పిట్‌ఫైరే, మార్క్ 2, అంటే రెండో తరం మోడల్. కీల్పాక్‌లో ఒక పాత ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉండేది. దాన్ని విప్పిన పెద్దాయన పోయారు, పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు, ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నారు కాబట్టి బండి కదలాలి. ఇలాంటి బండ్లు చాలావరకు ఇలాగే బయటికొస్తాయి. అందుకే బండి కన్నా ముందు కాగితాలు అడగండి.

ఆర్‌సీ చనిపోయినవాళ్ల పేరు మీద ఉంటే అమ్మకానికి వాడే మామూలు 29, 30 ఫారాలతో పని జరగదు. ముందు ఫారం 31తో వారసుల పేరు మీదకి మారాలి, దానికి తహసీల్దార్ ఇచ్చే లీగల్ హైర్ సర్టిఫికెట్ కావాలి, మిగతా వారసులంతా ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. "అది మేం తర్వాత చూసుకుంటాం, ముందు బండి తీసుకెళ్లండి" అంటారు. వద్దు. షెడ్డు ఖాళీ అయ్యాక వాళ్లకి తొందర ఉండదు. నేను టోకెన్ మాత్రమే ఇచ్చి, పేరు మారాకే మిగతాది ఇస్తానన్నాను. ఆ ఇంటావిడ కాస్త నొచ్చుకున్నారు, "మిమ్మల్ని మోసం చేస్తామా నాయనా?" అన్నారు. మోసం సంగతి కాదమ్మా, మీ పెద్దబ్బాయి సంతకం కోసం నేను అమెరికా వెళ్లలేను కదా అంటే నవ్వేశారు.

తర్వాత నంబర్. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే అడ్డగోడ, అదే బల్క్‌హెడ్ మీద చిన్న ప్లేట్ ఉంటుంది. మార్క్ 1, 2 బండ్లకి ఆ నంబర్ ఎఫ్‌సీతో మొదలవుతుంది, మార్క్ 3కి ఎఫ్‌డీ, మార్క్ 4, 1500 బండ్లకి ఎఫ్‌హెచ్. ఆర్‌సీలో మార్క్ 3 అని ఉండి ప్లేట్ మీద ఎఫ్‌సీ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆ ప్లేట్ రివెట్లతో కొట్టిందే, పెయింటింగ్‌కని ఊడదీసి పారేసినవాళ్లూ ఉంటారు, వేరే బండిది తెచ్చి కొట్టినవాళ్లూ ఉంటారు. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే ఎందుకని అడగండి. ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ (ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసేది) అడిగిన రోజు బయటపడేకంటే ఇప్పుడే తేలడం మంచిది.

"కొత్తగా చేయించిన ఇంజిన్" దగ్గర కూడా ఇదే గొడవ. ట్రయంఫ్ వాళ్లదే హెరాల్డ్ అనే కారు స్పిట్‌ఫైర్‌కి అన్నలాంటిది. ఆ హెరాల్డ్‌నే మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. ఇది మనకి పెద్ద అదృష్టం. ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్ లాంటివి ఒకే కుటుంబం, కాబట్టి పుదుపేట సందుల్లో పాత హెరాల్డ్ సామాన్లు తెలిసిన ముసలి మెకానిక్ దొరికితే సగం పని అయినట్టే. కానీ అదే సౌకర్యం వల్ల, ఇక్కడి మార్క్ 1, 2 స్పిట్‌ఫైర్‌లో అసలు 1147 సీసీ ఇంజిన్ చెడిపోయినప్పుడు హెరాల్డ్‌ది 948 సీసీ ఇంజిన్ తెచ్చి కూర్చోబెట్టే వీలుంది. బయటి నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇంజిన్ బ్లాక్ మీద నంబర్ గుడ్డతో తుడిచి ఆర్‌సీతో పోల్చి చూడండి.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి ఇస్తారు, నంబర్ మధ్యలో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. షరతు ఏంటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. వేరే ఇంజిన్ పెట్టిన బండితో ఆ దారిలో వెళ్లాలంటే ఇబ్బందే. పైగా వీఏ నంబర్ బండి రోజువారీ తిరగడానికి కాదు, ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో బయటికి తీయాలి అంతే. ఆఫీసుకి స్పిట్‌ఫైర్‌లో వెళ్లాలన్నది మీ కల అయితే మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవాలి, ఇంపోర్టెడ్ కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచే 40,000 అయింది, తర్వాత ఇంకా పెంచారు. కొనేముందు ఇప్పటి ఫీజు కనుక్కుని ధరలోంచి తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం, రేకు. పెయింట్ మెరుపు చూడకండి. హెరాల్డ్ ఛాసిస్‌ని పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ తెచ్చినప్పుడు పక్కలకుండే ఛాసిస్ పట్టీలు తీసేశారు, ఆ బరువంతా తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ మోస్తాయి. పైన కప్పు కూడా లేని బండి. సిల్స్ కుళ్లితే బండి మధ్యలో కుంగుతుంది. చెన్నై ఉప్పు గాలి గురించి మీకు చెప్పక్కర్లేదు. దానికి తోడు 2015 డిసెంబర్ వరదలో ఎన్ని షెడ్లు మునిగాయో తెలుసు కదా, బండి ఆ ఏడాది ఎక్కడుందో సూటిగా అడగండి. 2023 మిచౌంగ్ తుఫాను అప్పుడు ఎక్కడుందో కూడా.

పలచటి గుడ్డలో అయస్కాంతం చుట్టి సిల్స్ మీద, తలుపుల కింది అంచు మీద జరపండి. అది జారిపోయే చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత ఒక పక్క చక్రం లేచేలా జాకీ వేసి తలుపు తెరిచి మూయండి. గట్టి బండికి తేడా రాదు, పోయిన బండికి తలుపు పట్టేస్తుంది.

"సిల్స్ కొత్తవి వేశాం" అంటే ఇంకా జాగ్రత్త. పాతవి కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా రాడ్లు వెల్డ్ చేసి నిలబెట్టారా అని అడగండి. నిలబెట్టకుండా కోసి వేస్తే బాడీ వంగిన చోటే కొత్త రేకు అతుక్కుపోతుంది. నా బండిని అంబత్తూరులో ఒక టింకరింగ్ ఆయనకి చూపించాను. ఆయన ఏ పరికరమూ తీయలేదు. తలుపుకీ వెనక రెక్కకీ మధ్య సందులో చిటికెనవేలు పెట్టి పైనుంచి కిందకి లాగాడు. పైన వేలు దూరలేదు, నడుం దగ్గర గోరు వరకు వెళ్లింది, కిందకొచ్చేసరికి వేలంతా మునిగింది. "సార్, ఇది పెయింట్ పని కాదు, మళ్లీ కోయాల," అని బీడీ వెలిగించుకున్నాడు. ఆ వాక్యాన్ని నేను బేరంలో యథాతథంగా వాడాను, బాగానే తగ్గింది.

ఇక చిన్న సామాన్లు. అందరూ ఇంజిన్ ఉందా, గేర్‌బాక్స్ ఉందా అని చూస్తారు. అవి పెద్దవి, ఎక్కడికీ పోవు. పోయేవి తలుపు హ్యాండిల్ లోపలి స్ప్రింగులు, అద్దం చుట్టూ బీడింగ్, గుడ్డ టాప్ మడిచే ఫ్రేమ్, మీటర్ల అంచులు, దీపాల రిమ్ములు. నాకిచ్చిన అట్టపెట్టెల్లో ఒకదాని మీద పెద్దాయన చేతిరాతతో "ఎడమ తలుపు" అని ఉంది, తెరిస్తే ఎడమ తలుపు సామానే ఉంది, ప్రాణం లేచొచ్చింది. మిగతావన్నీ ఒకే గోతంలో. ఇవన్నీ ఇంగ్లండ్‌లో రిమ్మర్ బ్రదర్స్ లాంటి దుకాణాల్లో దొరుకుతాయి నిజమే, కానీ ఒక్కోదానికీ కొరియర్, కస్టమ్స్ కలుపుకుంటే బీడింగ్ ముక్క ధర చూసి ఇంట్లో చెప్పుకోలేం. నట్లు, బోల్టుల సంగతి కూడా చూడండి. ఇది అంగుళాల లెక్క బండి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, మన షాపుల్లో దొరికే 8 ఎంఎం బోల్టు చూపుకి అదే, మరలు మాత్రం వేరు. స్పానర్‌తో గట్టిగా తిప్పితే ఎక్కుతుంది కూడా, ఎక్కి లోపలి మరలన్నీ తినేస్తుంది. విప్పిన రంధ్రాల్లో రెండు మూడు చోట్ల టార్చ్ వేసి చూస్తే ముందు పనిచేసినవాడి పనితనం తెలిసిపోతుంది.

ధర ఎంత పెట్టాలి అంటే, అమ్మేవాళ్లు ఇప్పటిదాకా ఎంత ఖర్చుపెట్టారన్న లెక్క వినండి, తలూపండి, దాన్ని వదిలేయండి. మీ లెక్క వేరే. పూర్తయి నడుస్తున్న అలాంటి బండి ఎంతకి పోతుంది, దాంట్లోంచి రేకు పని, పెయింట్, వయరింగ్, సీట్లు, టాప్, సామాన్లు, కాగితాల ఖర్చు తీసేయండి. చాలాసార్లు సున్నాకి దగ్గర్లో తేలుతుంది, ఒక్కోసారి సున్నా కిందకీ వెళ్తుంది. లాభం కోసం అయితే వద్దు అని చెప్పేది అందుకే. చేతులకి గ్రీజు అంటితే సంతోషపడే మనిషైతే మాత్రం ఆ సున్నా పైన ఎంత పెట్టగలరో మీరే అనుకోండి, దాన్ని దాటొద్దు.

అమ్ముడుపోతుందా అన్నారు. పోతుంది, మెల్లగా. నేను ఇల్లు మారాల్సి వచ్చింది, కొత్త ఫ్లాట్‌లో ఒక్క పార్కింగ్, అందులో మా ఆవిడ కారు. అప్పటికి సిల్స్ సరిగ్గా వేయించి, ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టి, నాలుగు చక్రాల మీద నిలబెట్టాను. అమ్మకంలో ఆ చక్రాలే పెద్ద తేడా తెచ్చాయి. నెడితే కదిలే బండిని ఫ్లాట్‌బెడ్ మీదకి లాగొచ్చు, కదలని బండికి క్రేన్ కావాలి, ఆ క్రేన్ ఖర్చూ ఆ చిరాకూ కొనేవాడు మీ ధరలోంచే కోస్తాడు. మీరు ఒకే పని చేయించి అమ్మాలనుకుంటే బండిని చక్రాల మీద నిలబెట్టించండి, పెయింట్ వేయించకండి. కొత్త పెయింట్ చూస్తే తెలిసినవాడికి కింద ఏం దాచారో అన్న అనుమానమే వస్తుంది.

ప్రకటన ఇచ్చాక వచ్చే ఫోన్లలో సగం ముక్కల కోసమే. వైర్ వీల్స్ (సైకిల్‌లా ఊచల చక్రాలు) ఇస్తారా, ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు వాడే అదనపు గేర్) గేర్‌బాక్స్ ఉంటే అదొక్కటి ఇస్తారా అని. మంచి రేటే చెప్తారు, చేయి లాగుతుంది. అవి రెండూ పోతే మిగిలినదాన్ని తూకానికి తప్ప ఎవడూ అడగడు. నేను ప్రతి పెట్టె తెరిచి సామాను నేల మీద పరిచి ఫొటో తీసి, ఏవి లేవో ఆ జాబితానే ముందు పంపాను. ఊరికే చూసిపోయేవాళ్లు అక్కడే ఆగిపోయారు.

చివరికి బెంగళూరు ఆయన కొన్నారు. వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసి ఇచ్చాను. అగ్రిమెంట్‌లో "ఉన్నది ఉన్నట్టు" అని రాసి, సామాను జాబితా, ఫొటోలు జతచేసి, ప్రతి పేజీ మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆర్‌సీ కొన్నవాడి పేరు మీదకి మారే వరకు వెంటపడటం వదలకండి. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. బండి నడవదు కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఆయన నడిపించడానికే కొన్నాడు. అలాగే టోకెన్ ఇచ్చి బండి మీ దగ్గరే నెలల తరబడి వదిలేసే రకం ఉంటారు, తీసుకెళ్లే తేదీ, దాటితే రోజుకి షెడ్డు అద్దె ఎంతో కూడా అందులోనే రాయించండి.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది, ఆ యజమానికి ఫోన్ చేసి ఆర్‌సీ, బల్క్‌హెడ్ ప్లేట్, ఇంజిన్ నంబర్, రెండు పక్కల తలుపు సందులు ఫొటోలు పంపమనండి. ఇంజిన్ ఫొటోలే పంపుతూ ఉంటే వెళ్లి చూసే శ్రమ కూడా వద్దు.