ముందు స్లాబు, ఆఖర్న రంగు

ప్రశ్న: నమస్తే సార్. మత్తు అలవాటు నుంచి బయటపడుతున్న అబ్బాయిల హోమ్ ఒకటి నేను చూసుకుంటున్నాను. ఇరవై ఒక్క మంది, అందరూ 14 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లే. బిల్డింగ్ పాతది, వానొస్తే స్లాబు ఉరుస్తుంది, బాత్రూమ్‌లు రెండే పనిచేస్తున్నాయి. సాయం చేస్తామని చాలామంది వస్తున్నారు. ఒకరు రంగులిస్తామంటారు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఆదివారాలు వచ్చి పనిచేస్తామంటారు, ఒక క్లబ్బువాళ్లు పిల్లలతో ఫొటోలు దిగాలంటారు. ఎవరికేం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అమ్మా, ముందు ఆ రంగులిస్తామన్నవాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడే పంపొద్దని చెప్పండి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది రంగే వేస్తామంటారు, అది కంటికి కనపడుతుంది, ఒక్క ఆదివారంలో అయిపోతుంది. సెప్టిక్ ట్యాంకు పేరెత్తితే మాత్రం ఎవరూ ముందుకు రారు. కానీ చెమ్మ ఆరని గోడకు ఎంత మంచి రంగు వేసినా మొదటి వానాకాలానికే పొక్కులు లేచి రాలిపోతుంది.

మృగశిర కార్తె, అంటే జూన్ 7, 8 తేదీలు వచ్చేలోపు స్లాబు పని అయిపోవాలి. ఎండకు స్లాబు బాగా ఆరి ఉన్నప్పుడే వాటర్‌ప్రూఫింగ్ నిలుస్తుంది. దానికన్నా ముందు పైన నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించండి, ఆకులతో అవి మూసుకుపోయి నీళ్లు నిలవడమే చాలా ఇళ్లలో అసలు జబ్బు. పిట్టగోడ, స్లాబు కలిసేచోట నెర్రెలు చూడండి. పని అయ్యాక గొట్టాలు మూసి రెండు అంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి కింద కప్పు చూసుకున్నాకే మేస్త్రీకి ఆఖరి డబ్బులివ్వండి. ఎక్కడైనా పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనపడితే మాత్రం నీళ్లు నిలపొద్దు, ఇంజినీర్‌కు చూపించాల్సిందే.

తర్వాత బాత్రూమ్‌లు. కేంద్రం 2016లో ఇచ్చిన బాలల న్యాయ నమూనా నియమాల్లో 50 మంది పిల్లల హోమ్‌కు 8 మరుగుదొడ్లు, 5 స్నానాల గదులు, పడుకోవడానికి తలా 40 చదరపు అడుగులు అని ఉంది. ఆ లెక్కన మీకు నాలుగు దొడ్లు, మూడు స్నానాల గదులు కావాలి. "సాయం చేయండి" అంటే ఎవరికి తోచింది వాళ్లు తెస్తారు. "మూడో బాత్రూమ్‌కు పైపులు, కుళాయిలు, ప్లంబర్‌కు రెండు రోజుల కూలి, ఇంత అవుతుంది" అని ఒక్కో పనికి ఒక్కో కాగితం రాసి పెట్టుకోండి, వచ్చినవాళ్ల చేతిలో అది పెట్టండి. కాలేజీ పిల్లలతో కొలతలు తీయించండి, పాత సున్నం గీకించండి. వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. ఫ్యాన్లిస్తామంటే గోడకు బిగించేవే అడగండి, బాత్రూమ్ గడియలు బయటినుంచి కూడా తీయగలిగేవి పెట్టించండి, దిగులులో పిల్లలు తమకు తామే హాని చేసుకునే ప్రమాదం ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. కరీంనగర్ వైపు ఇలాంటి హోమ్‌లోనే కిటికీ ఊచలకు పెయింట్ వేయిస్తున్నాం, సాయంత్రం పెయింటర్ థిన్నర్ సీసా (పెయింట్ పలచన చేసేది, మత్తు కోసం కొందరు పిల్లలు పీల్చేది ఇదే) కిటికీ గూట్లో మర్చిపోయి వెళ్లాడు. రాత్రి పది దాటాక పదిహేనేళ్ల పిల్లాడు దాన్ని పట్టుకుని వార్డెన్ గది దగ్గరికొచ్చాడు, మూత గట్టిగా బిగించే ఉంది, చేతులు మాత్రం వణుకుతున్నాయి. "సార్, దీన్ని ఇక్కడ్నుంచి తీసేయండి, వాసనకు నిద్ర పడతలేదు" అన్నాడు. ఆ తప్పు మాది, భారం మాత్రం ఆ పిల్లాడు మోశాడు. కాబట్టి గోడలకు నీళ్లతో కలిపే రంగులే వాడండి, థిన్నర్, పైపులు అతికించే సొల్యూషన్, ఘాటు వాసనొచ్చే జిగురు రకాలు ఏవైనా పొద్దున లెక్కపెట్టి లోపలికి, సాయంత్రం లెక్కపెట్టి గేటు బయటికి. వాసన వచ్చే పని ఉన్న రోజుల్లో పిల్లలను వేరేచోట పడుకోబెట్టే ఏర్పాటు చూడండి.

మీ అబ్బాయిలూ పనిలోకి వస్తామంటారు. పరంజా ఎక్కనివ్వొద్దు, సిమెంటు కలపనివ్వొద్దు. గది రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి, ఎవరి మంచం పక్క గోడకు వాళ్లే బ్రష్ పట్టుకుంటామంటే పట్టుకోనివ్వండి.

ఫొటోల సంగతి మొహమాటం లేకుండా చెప్పేయండి. 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ పిల్లల ఫొటో, పేరు, బడి ఏదీ బయటపెట్టకూడదు, పెడితే ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. క్లబ్బువాళ్లు బాగుచేసిన స్లాబు మీద నిలబడి ఫొటో దిగొచ్చు.

ప్రశ్న: మాది టైల్స్ షాపు. మిగిలిన టైల్స్ ఏదైనా పిల్లల హోమ్‌కు ఇవ్వాలని ఉంది. ఆదాయపన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు వస్తుందా?
(ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: రాదు తమ్ముడూ. ఆ మినహాయింపు డబ్బుగా ఇచ్చినదానికే, వస్తువులకు లేదు, నగదైనా 2,000 దాటితే లెక్కలోకి రాదు. అయినా ఇవ్వండి. నున్నటి టైల్స్ గోడలకు పనికొస్తాయి, బాత్రూమ్ నేలకు గరుకువే పంపండి, తడికాళ్లతో పరుగెత్తే పిల్లలు కదా. పై ఉత్తరం రాసినావిడకు బాత్రూమ్‌లు కట్టుకోవాల్సి ఉంది, మీరు సరేనంటే మీ నంబరు ఆమెకు పంపిస్తాను.