స్కాన్ తీయకుండా డిప్రెషన్ అని ఎలా చెప్పేస్తారు?

"టెస్టు ఒక్కటీ రాయకుండా, కాసేపు మాట్లాడి డిప్రెషన్ అనేశారు, నమ్మొచ్చా? మందులు అలవాటైపోవా?" అని అడిగారు. రెండేళ్ల కిందట ఇదే ప్రశ్న నేనూ అడిగాను, కాస్త గొంతు పెంచి మరీ.

మాది కదిరి. నాన్న పోయాక అమ్మ బెంగళూరులో నా దగ్గరే ఉంటోంది. గుండె దడ, కడుపులో మంట, నీరసం. ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ, అన్నీ నార్మల్. ఒక ఆస్పత్రిలో అయితే గ్యాస్ అని మూడు నెలలు మాత్రలు మింగించారు, ఆ బిల్లులకు దడ నాకు పట్టుకుంది. చివరికి ఇంకో డాక్టరు సైకియాట్రిస్టుకు చూపించమంటే, మా అమ్మకేమైనా పిచ్చా అని ఆయన మీదే ఎగిరాను.

సరే, వెళ్లాం. అక్కడి డాక్టరమ్మది కన్నడ కలిసిన తెలుగు. "నిద్ర ఎట్లా ఉందమ్మా?" అనగానే "తొమ్మిదికే పడుకుంటుంది మేడం" అన్నాను నేను. ఆకలి? "బాగానే తింటుంది." మూడో ప్రశ్నకు ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీరు కాసేపు బయట కూర్చోండి సార్" అన్నారు. నలభై నిమిషాలు కూర్చున్నాను.

లోపలికి పిలిచేసరికి అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అమ్మను అడిగాకే నాకు చెప్పారు, రోజూ మూడున్నరకే మెలకువ వచ్చేసి తెల్లారేదాకా ఫ్యాను చూస్తూ పడుకుంటోందట. "ఈ ఏడు మీ ఇంట్లో ఆవకాయ పెట్టారా?" అని నన్నే అడిగారు. పెట్టలేదు. అంగడి సీసా తింటూ కూడా ఎందుకు పెట్టలేదమ్మా అని నేను అడగలేదు.

పరీక్ష అంటే అదేనండీ. డిప్రెషన్‌ను పట్టి చూపించే స్కాన్ లేదు. మా అమ్మకు రక్తపరీక్షలు రాశారు కానీ, అవి థైరాయిడ్, బీ12 లోపం, రక్తహీనత లాంటివి కాదని తేల్చుకోవడానికి, ఎందుకంటే వాటిలోనూ ఇదే నీరసం ఉంటుంది. తొమ్మిది ప్రశ్నల ఫారం ఒకటి ఉంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. అది తీవ్రత కొలవడానికి పనికొస్తుంది. మా ఆఫీసులో కుర్రాళ్లు దాన్ని ఫోన్లో నింపేసి నాకు 16 వచ్చింది, నీకెంత అంటున్నారు, ఎంసెట్ ర్యాంకుల్లాగా.

అమ్మకు రాసిన మందు ఎస్సిటాలోప్రామ్, మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మొదటి వారం వికారంతో నన్ను తిట్టిపోసింది. తేడా కనిపించడానికి నెల పట్టింది. ఇవి మత్తుకు అలవాటు చేసే మాత్రలు కావు, కాకపోతే ఉన్నట్టుండి మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మా పిన్ని మాత్రం "అవి మెదడును తినేస్తాయిరా" అని ఫోన్ మీద ఫోన్. ఆవిడేమో ఏళ్ల తరబడి చీటీ లేకుండా మెడికల్ షాపులో అల్ప్రాజోలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర కొనుక్కుని మింగుతోంది. అలవాటయ్యేది అసలు అదీ!

మీకు అనుమానం తీరకపోతే ఇంకో డాక్టరును అడగండి, తప్పేం లేదు, కానీ మీ భాష తెలిసినవాళ్లను వెతుక్కోండి. "గుండెల్లో బరువుగా ఉంది" అన్న మాటను ఇంగ్లీషులో చెప్తే మళ్లీ ఈసీజీ రాస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం, దానికి ప్రధాన కేంద్రం మన బెంగళూరు మానసిక ఆస్పత్రి నిమ్‌హాన్సే.

ఇంతకీ మీరు ఒక్కరే వెళ్లారా, లేక పక్కన నాలాంటివాడు కూర్చుని మీ బదులు జవాబులు చెప్పాడా? అది రాయలేదు మీరు.