ఆ మూడో రాయి సంగతి రాయి

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి కాస్త కోపంగా. ‘అభిఘాత భారం వల్ల శిలా విచ్ఛేదనం’ అట! దెబ్బ తగిలితే రాయి ఎలా పగులుతుందో చెప్పడానికి ఇంత బరువెందుకయ్యా?

కడ్డీలో పరుగెత్తే తరంగంతో దెబ్బను కొలిచే పద్ధతి 1914లో హాప్కిన్‌సన్‌దనీ, 1949లో కోల్‌స్కీ దాన్ని రెండు కడ్డీల మధ్య శాంపిల్ పెట్టే టెస్టుగా మార్చాడనీ రాశావు, అవన్నీ సరే. కానీ ఐదో పేజీలో ఒక్క వాక్యం: ‘మూడో శాంపిల్ సరిగా పగలనందున లెక్కలోకి తీసుకోలేదు.’ అక్కడి నుంచి రెండు పేజీలు, అదే టెస్టును కంప్యూటర్లో నడిపిన సిమ్యులేషన్ రంగుల బొమ్మల భజన. నాకేమో ఆ మూడో రాయి దగ్గరే ప్రాణం ఆగిపోయింది. దానికేమొచ్చింది? రెండు ఉక్కు కడ్డీల మధ్య పెట్టేటప్పుడు దాని ముఖాలు సమంగా లేవా? దెబ్బ తాలూకు తరంగం రాతిలో మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, రెండు వైపులా ఒత్తిడి సమం కాకముందే పగిలిందా? అలాగైతే గ్రాఫులో కనిపించే బలం ఆ రాయిది కానే కాదు. కడ్డీకి దెబ్బ తగిలే చివర చిన్న రాగి బిళ్ల పెట్టి అదురు తగ్గించారా? అదీ రాయలేదు.

బొమ్మలో నల్లటి గీతలు చూసి మురిసిపోయావు. నువ్వు వాడిన పద్ధతిలో కంప్యూటర్ రాతిని చిన్న చిన్న గడులుగా విడగొడుతుంది; ఆ గీతలు, మీరు పెట్టిన హద్దు దాటిన గడులను అది చెరిపేసిన చోట్లు. ఆ హద్దును టెస్టుతో సరిపోయేదాకా సర్దింది మీరే కదా! మెష్, అంటే ఆ గడుల వల, సన్నం చేస్తే పగులు దారి మారిందా?

చీమకుర్తి క్వారీలో ఒక పెద్దాయన వరసగా బెజ్జాలు వేసి, ఇనుప చీలలు దిగేసి, ఒక్కోదాన్నీ తేలిగ్గా కొట్టుకుంటూ పోయాడు. కాసేపటికి బండ గీత గీసినట్టు విడిపోయింది. “ఒక్కసారే గట్టిగా వేస్తే?” అన్నాను. “నలిగిపోద్ది బాబూ, బండ మిగలదు” అన్నాడు. నెమ్మదిగా ఒత్తితే ఒక పగులు ముందుకెళ్లి పక్కవాటి ఒత్తిడి దించేస్తుంది. దెబ్బ వేగంగా పడితే ఆ కబురు అందేలోపే వందల పగుళ్లు లేస్తాయి. బలం ఎక్కువ కనిపించేదీ, ముక్కలు చిన్నవయ్యేదీ చాలావరకు అందుకే. ఇదంతా నేను రాసి పంపితే ఒక ఎడిటర్ గారు పెద్దాయన కథంతా తీసేసి, ‘చీల’ను ‘విభాజక కీలకం’ చేశారు. పాతికేళ్లయినా ఇంకా మండుతూనే ఉంది.

పుస్తకంగా వేయొచ్చా అనీ, ఇంగ్లీషులో రాయాలా అనీ అడిగావు. అవి తర్వాత. ముందు ఆ మూడో శాంపిల్ పారేయకపోతే కవర్లో వేసి పంపు. పెద్ద ముక్కలే కాదు, పొడి కూడా ఊడ్చి పంపు.