ఉతకనక్కర్లేని చొక్కా ఉందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒకటే. ‘తనంతట తాను శుభ్రపడే కాటన్’ అంటూ ఫోన్లలో తిరుగుతున్న ప్రకటనలు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, కుదించి ఇస్తున్నాను. బట్టల రసాయనశాస్త్రం పాఠాలు చెప్పడానికి ముందు కొన్నేళ్లు ప్రాసెసింగ్ యూనిట్లో ఫినిషింగ్ విభాగం చూసినవాణ్ణి. అందుకని నా జవాబుల్లో క్లాసు వాసనతో పాటు కాస్త మాంగిల్ (తడి బట్టను రోలర్ల మధ్య పిండే యంత్రం) వాసన కూడా ఉంటుంది. సర్దుకుపోండి.

ప్రశ్న: మా అబ్బాయి తెల్ల కాటన్ చొక్కాలు తెప్పించాడు. ‘నానో పూత ఉంది, ఎండలో వేస్తే మరకలు వాటంతట అవే పోతాయి, ఉతకనక్కర్లేదు’ అని అట్టపెట్టె మీద రాసి ఉంది. అమ్మేవాళ్ల వీడియోలో పసుపు మరక మన కళ్లముందే మాయమైంది. ఇది నిజమా, కనికట్టా?
— ఒక గృహిణి, ఏలూరు

జవాబు: అమ్మా, అలాంటి పూత ఉండటం నిజం. వీడియో మాత్రం కనికట్టుకు బాగా దగ్గర. పసుపు మరకను ఎంచుకోవడంలోనే ఉంది వాళ్ల తెలివంతా. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు. ఏ పూతా లేని మీ ఇంటి పాత పంచె మీద పప్పు మరక పడినా అంతే. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, జాడించి ఎండలో వేస్తే సాయంత్రానికి వెలిసిపోతుంది. ఈ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. ఎండ చేసిన పనికి పూత పేరు పెట్టి అమ్ముతున్నారు.

ఇక అసలు పూత సంగతి. అది చాలావరకు టైటానియం డయాక్సైడు, కంటికి కనబడనంత సన్నని (నానో) రేణువులుగా. గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది ఇదే. దీనికో గుణం ఉంది. అతినీలలోహిత కిరణం తగిలితే లోపలి ఎలక్ట్రాను ఒకటి ఎగిరి పై మెట్టు ఎక్కుతుంది, అది ఉన్నచోట ఖాళీ ఏర్పడుతుంది. ఎలక్ట్రాను గాలిలోని ఆక్సిజన్‌ను, ఆ ఖాళీ ఏమో తేమను పట్టుకుంటాయి. వాటి నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ వంటివి మహా దుడుకు కణాలు. పక్కన చెమట ఉన్నా, కాఫీ రంగు ఉన్నా, బ్యాక్టీరియా పైపొర ఉన్నా విరగ్గొట్టి, చివరికి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుస్తాయి. టైటానియం మాత్రం ఖర్చు కాదు, మళ్లీ కిరణం కోసం కాచుకుని ఉంటుంది. అందుకే దీన్ని కాంతి ఉత్ప్రేరకం అన్నారు. టోక్యో విశ్వవిద్యాలయంలో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు ఈ పదార్థం వెలుతురులో నీటినే విడగొట్టగలదని 1972లో ప్రకటించారు. దాన్ని సూక్ష్మజీవుల మీదికి తోలినది కూడా జపాన్ వాళ్లే, 1985లో. ఎండకు నిలిచిన గోడను చేత్తో రాస్తే తెల్లపొడి అంటుకుంటుంది చూశారా, అందులో ఈ గుణం పాత్ర ఉంది. రంగును పట్టి ఉంచే జిగురును టైటానియమే తినేస్తుంది. రంగుల కంపెనీలు ఆ పని జరగకుండా రేణువుల మీద వేరే పొర వేస్తాయి. బట్టలవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ పనే.

బట్టకు పట్టించడం అంత తేలిక కాలేదు. బాగా పనిచేసేది టైటానియంలో అనటేజ్ అనే స్ఫటిక రూపం. దాన్ని తయారుచేయడానికి మామూలుగా నాలుగైదు వందల డిగ్రీల్లో కాల్చాలి. నూలు అంతకు చాలా ముందే మాడిపోతుంది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో దావూద్, షిన్ అనే పరిశోధకులు 100 డిగ్రీల లోపే నూలు మీద ఆ స్ఫటికాలు మొలిపించే పద్ధతి 2004లో చూపించారు. తరువాతి పరిశోధనలకు అది పెద్ద ఊతం.

చిక్కల్లా వెలుతురుతోనే. అనటేజ్‌కు 388 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలు కావాలి. ఎండలో అవి నూటికి అయిదు పాళ్లు కూడా ఉండవు. ఇంట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బులో దాదాపు సున్నా. అంటే బీరువాలో మడతపెట్టిన చొక్కా, కోటు కింద తొడిగిన చొక్కా, చంక భాగం ఇవన్నీ దానికి సెలవు రోజులే. అసలు వాసన పుట్టేదేమో చంకలోనే!

మరక స్వభావం కూడా చూడాలి. పలచని టీ, కాఫీ, ద్రాక్షరసం మరకలు కొన్ని గంటల ఎండకు తేలికపడతాయి. ఆవకాయ నూనె దట్టంగా పడితే కిరణం రేణువు దాకా చేరదు. ఎర్రమట్టి, తుప్పు మరక ఖనిజాలు కాబట్టి వాటిని ఇది ముట్టుకోదు. పైగా మరకను కరిగించి తీసుకెళ్లడానికి ఇక్కడ నీళ్లు లేవు. ఉన్నచోటే పొరలు పొరలుగా తినాలి. ఆస్ట్రేలియాలో ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో నూలు దారం మీదే వెండి, రాగి నానో నిర్మాణాలు పెంచి, మామూలు వెలుతురుకే ఆరు నిమిషాల లోపు కొన్ని నమూనాలు శుభ్రపడ్డాయని చెప్పినప్పుడు పత్రికలు ఊగిపోయాయి. వాషింగ్ మెషీన్లు పారేయడానికి ఇంకా చాలా పని మిగిలి ఉందని చెప్పింది ఆ పరిశోధకులే. ఆ వాక్యం ప్రకటనల్లోకి ఎక్కదు.

మీ చొక్కాలో పస ఉందో లేదో మీరే తేల్చుకోవచ్చు. చొక్కా కింది అంచు లోపలివైపు రెండు చోట్ల, పూత లేని పాత తెల్ల నూలుగుడ్డ మీద రెండు చోట్ల పాలూ పంచదారా కలపని పలచని డికాషన్ ఒక్కో చుక్క వేయండి. ఆరాక ఒక్కోదానిలో ఒక చుక్క మీద నల్లకాగితం పిన్నుతో గుచ్చి, రెండింటినీ రోజంతా ఎండలో పెట్టండి. పూత ఉన్న బట్టలో ఎండ తగిలిన చుక్క ఒక్కటే బాగా వెలిస్తే పూత పనిచేస్తున్నట్టు. రెండు బట్టల్లోనూ ఎండ తగిలిన చుక్కలు సమానంగా వెలిస్తే మీరు డబ్బు పెట్టింది అట్టపెట్టెకు. పసుపుతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. అన్నట్టు, చొక్కా పనిచేస్తుందని తేలినా ఉతకడం మానొద్దు.

ప్రశ్న: మా నర్సింగ్ హోముకు ఒక ప్రతినిధి వచ్చి, నానో పూత దుప్పట్లు 99.9 శాతం క్రిములను చంపుతాయని, లాండ్రీ ఖర్చు సగం తగ్గుతుందని చెప్పారు. ప్రయోగశాల నివేదిక కూడా చూపించారు. తీసుకోవచ్చా?
— నర్సింగ్ సూపరింటెండెంట్, కరీంనగర్

జవాబు: నివేదిక అబద్ధమై ఉండనక్కర్లేదు. దాన్ని చదివే తీరు వేరు. బట్టల మీద బ్యాక్టీరియా పరీక్షకు వాడే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 20743 పద్ధతిలో గుడ్డముక్క మీద బ్యాక్టీరియా వేసి 18 నుంచి 24 గంటలు ఉంచి లెక్కపెడతారు. మీ వార్డులో అంతసేపు ఎవరూ ఆగరు. పది లక్షల క్రిముల్లో 99.9 శాతం పోతే ఇంకా వెయ్యి మిగులుతాయి. పైగా అది శుభ్రమైన గుడ్డముక్క. రోగి దుప్పటి మీద రక్తం, చీము, చెమట ఉంటాయి. పూత నుంచి పుట్టిన ఆ దుడుకు కణాలు ఎదురుగా ఉన్న మాంసకృత్తుల మీదే ఖర్చయిపోతాయి, క్రిమి దాకా పోవు.

ముందు ఒక్కటి అడగండి: పూత టైటానియమా, వెండా? టైటానియమైతే ఏ వెలుతురులో పరీక్షించారు? కాంతి ఉత్ప్రేరకాల పరీక్షకు ఐఎస్ఓ 27447 అనే వేరే పద్ధతి ఉంది, అందులో అతినీలలోహిత దీపం పెడతారు. మీ వార్డులో ఆ దీపం లేదు, రోగి పడుకున్న దుప్పటి కిందికి ఏ దీపమూ పోదు. వెండి అయితే చీకట్లో కూడా పనిచేస్తుంది, నిజమే. కానీ అది పనిచేసేదే అయాన్లుగా కరిగి బయటికి రావడం వల్ల. ఉతికే కొద్దీ కారిపోతుంది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు నానో వెండి సాక్సులను ఉతికి చూసి 2008లో ప్రకటించిన ఫలితాల్లో, కొన్ని రకాలు నాలుగు ఉతుకులకే దాదాపు వెండినంతా వదిలేశాయి. కాబట్టి కొత్త గుడ్డ నివేదిక కాదు, యాభై ఉతుకుల తరువాత తీసిన నివేదిక కావాలనండి. అదే నేత, అదే నూలు, పూత లేని దుప్పటితో పోల్చిన అంకెలు పక్కనే ఉండాలనండి. ఆ మాట వినగానే ప్రతినిధి ‘ఆఫీసులో కనుక్కుని చెబుతా’నంటే మీకు సగం జవాబు దొరికినట్టే.

లాండ్రీ తగ్గించే ఆలోచన మాత్రం వదిలేయండి. ఆసుపత్రి బట్టలను వేడినీళ్లతో ఉతికితే 71 డిగ్రీల్లో కనీసం 25 నిమిషాలు ఉండాలన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచన. పూత ఉన్నా ఆ ఉతుకు తప్పదు. అలాంటప్పుడు అదనపు ధర దేనికో మీ యాజమాన్యమే చెప్పాలి.

ప్రశ్న: మేము మంగళగిరిలో నేతపని చేస్తాం. ఈ పూత మా చీరలకు వేయిస్తే పట్నంలో మంచి ధర వస్తుందని మా అల్లుడు అంటున్నాడు. వేయించవచ్చా?
— ఒక చేనేత కార్మికుడు

జవాబు: రంగు చీరలకు వద్దు బాబూ. మరకను తినే గుణానికి అద్దకం రంగు, మరక అన్న తేడా తెలియదు. నిజాం అంచు పక్కన ముదురు ఎరుపు ఒళ్లు ఎండకు వెలిసి వస్తే కొన్నావిడ మీ గడప తొక్కుతుంది, పూత అమ్మినవాడి గడప కాదు. రంగు ఒక్కటే కాదు, నూలు కూడా సేంద్రియ పదార్థమే. పూత దారాన్నీ కొరుకుతుంది, బట్ట సత్తువ తగ్గుతుంది. దీనికి విరుగుడుగా నూలుకూ టైటానియానికీ మధ్య సిలికా పొర వేసి చూశారు. ప్రయోగశాలలో కొంత ఫలితం ఉంది, ఖర్చు కూడా ఉంది.

యూనిట్లో ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను. ద్రావణం తొట్టిలో బట్ట మునిగి, ప్యాడింగ్ మాంగిల్ రోలర్ల మధ్య పిండబడి, ఆరి, ఆపైన 120–150 డిగ్రీల వేడి గదిలోకి పోతుంది. రేణువు ఊడకుండా సిట్రిక్ ఆమ్లం వంటివి దారానికీ దానికీ ముడివేస్తాయి. ద్రావణం అడుగున పేరుకుంటే, బట్ట మొదటి గజానికీ చివరి గజానికీ పొంతన ఉండదు. ముదురు రంగు గుడ్డను వేళ్ల మధ్య రుద్దితే తెల్లగా దుమ్ము రాలుతుంది, మడత దగ్గర సుద్దముక్కతో గీసినట్టు గీత పడుతుంది. బట్ట బిరుసెక్కుతుంది. మంగళగిరి నూలు మెత్తదనానికి డబ్బిచ్చేవాళ్లకు అది ఏం నచ్చుతుంది?

తెల్ల పంచెలు, తువ్వాళ్లు, లాల్చీ గుడ్డ అయితే ఆలోచించవచ్చు. మీరు పడుగుకు పట్టించే గంజితో చుట్టరికం ఉన్న పద్ధతి ఒకటుంది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ వాళ్లు 2006లో జింకు ఆక్సైడు నానో రేణువులను నీటిలో కరిగే గంజిలోనే పుట్టించి నూలుకు పట్టించారు. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కాకుండా గంజి కాపలా కాస్తుంది. ఆ గుడ్డ బ్యాక్టీరియాను అణిచింది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కూడా అడ్డుకుంది. జింకుకు ఒక బలహీనత ఉంది. ఆమ్లానికి కరుగుతుంది, పుల్లటి చెమట దానికి శత్రువు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ కూడా బట్టలకు వాడే నానో టైటానియా ద్రావణం మీద పనిచేసింది. అల్లుడికి అంత ఉత్సాహం ఉంటే ఒక తెల్ల తాను పట్టుకుని అలాంటి సంస్థకు వెళ్లి మాట్లాడమనండి. దళారి తెచ్చిన సీసా మాత్రం మగ్గం ఉన్న ఇంట్లోకి రానివ్వకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి పసిబిడ్డకు ‘యాంటీ బ్యాక్టీరియల్ నానో కాటన్’ జుబ్బాలు కొంటానంటోంది. ప్రమాదమా?
— ఒక అమ్మమ్మ, నిజామాబాద్

జవాబు: ప్రమాదం అనను, అనవసరం అంటాను. టైటానియం డయాక్సైడు నానో రేణువులను ఎండ క్రీముల్లో ఏళ్లుగా వాడుతున్నారు. గాయం లేని చర్మం దాటి లోపలికి పోతున్నట్టు ఆధారాలు కనబడలేదు. భయపడాల్సింది దుమ్ముగా పీల్చినప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి జాబితాలో పెట్టింది. ఎలుకల ఊపిరితిత్తుల మీద జరిగిన ప్రయోగాలే అందుకు ముఖ్య ఆధారం. ఆహారంలో కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించింది. మరి పసిబిడ్డ జుబ్బా అంచును ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. నాలుగు పాత పంచెలు బాగా ఉతికి, ఎండలో వేసి, చింపి పంపండి. బిడ్డ ఒంటి మీది సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావు, వాటిలో కొన్నింటితో చర్మానికి పొత్తు ఉంది.

ప్రశ్న: నా పాలియెస్టర్ టీషర్టు ఒక్క ఆటకే కంపు కొడుతుంది, కాటన్ బనియను అంత కొట్టదు. టీషర్టుకు నానో స్ప్రే కొడితే సరిపోతుందా?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: నీ ముక్కు సరిగ్గానే చెప్పింది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 26 మంది చేత వ్యాయామం చేయించి, వాళ్ల చొక్కాలను పరిశీలించి 2014లో ఇదే చెప్పారు. వాసన పుట్టించే మైక్రోకాకస్ బ్యాక్టీరియా పాలియెస్టర్ మీద బాగా పెరుగుతుంది, నూలు మీద అంతగా పెరగదు. స్ప్రేతో పట్టించింది మొదటి ఉతుకులోనే సగం కాలువ పాలవుతుంది, కొట్టేటప్పుడు కొంత నీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ డబ్బుతో ఇంకో రెండు కాటన్ బనియన్లు కొనుక్కో. టీషర్టును ఆట అయిన వెంటనే తిరగేసి ఉతికి, చంక భాగానికి ఎండ తగిలేలా ఆరెయ్యి. తడిదాన్ని సంచిలో కుక్కి మర్నాడు తీస్తే ఏ నానో రేణువూ నిన్ను కాపాడలేదు.