భోజనం తర్వాత పీరియడ్‌లో ఎనిమిదో తరగతిని ఎలా అదుపులో పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: గాజువాక దగ్గర ఒక హైస్కూల్లో కొత్తగా చేరారు. ఎనిమిదో తరగతిలో 52 మంది. భోజనం తర్వాత మొదటి పీరియడ్ లెక్కలు మీవి. క్లాసంతా గోల. అందులో ఒక అబ్బాయి రోజూ ఏదో ఒకటి చేస్తాడు, మీరు బయట నిలబెడతారు, మర్నాడు మళ్లీ అదే. హెచ్చెమ్ గారేమో భయం లేకపోతే మాట వినరు, బెత్తం దగ్గర ఉంచుకోండి అంటున్నారు.

ముందు ఆ బయట నిలబెట్టడం ఆపండి. లెక్క రాని పిల్లాడికి వరండా హాయిగా ఉంటుంది. గాలి తగులుతుంది, పక్క సెక్షన్ వాళ్లు కనిపిస్తారు, బోర్డు దగ్గరికి రమ్మనే వాళ్లుండరు. మీరు శిక్ష అనుకుంటున్నది వాడికి సెలవు. రోజూ సెలవు దొరికే పనిని ఎవరైనా రోజూ చేస్తారు.

అల్లరి చేసే పిల్లాడికి దానివల్ల ఏదో ఒకటి దక్కుతూనే ఉంటుంది: టీచర్ చూపు, తోటివాళ్ల నవ్వు, చేతకాని పని తప్పిపోవడం, లేదా కావలసిన వస్తువో చోటో. మీ క్లాసులోని ఆ అబ్బాయికి ఏది దక్కుతోందో తెలిసేదాకా ఏ శిక్షా వేయకండి. అది తెలియాలంటే ఆరు పనిదినాలు రాసి చూడాలి. డైరీలో ఒక పేజీకి నిలువు గీతలు కొట్టి నాలుగు గళ్లు చేయండి. పీరియడ్ మొదలై ఎన్ని నిమిషాలైంది, అల్లరికి సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, వెంటనే ఎవరు ఏం చేశారు. "పొగరుగా ఉన్నాడు", "అల్లరి చేశాడు" అని రాస్తే ఆ పేజీ దండగ. ఇలా ఉండాలి: "9 నిమిషాలు. భిన్నాల కూడిక బోర్డు మీద చేయమన్నాను. పక్కవాడి కంపాస్ బాక్సు కింద పడేశాడు. వెనక బెంచీ నవ్వింది. నేను అరిచి బయటికి పంపాను." అర నిమిషం పని. ఆరు రోజుల తర్వాత రెండో గడి మీద నుంచి కిందికి ఒకసారి, నాలుగో గడి ఒకసారి చదవండి. నూటికి తొంభై మార్లు జవాబు అక్కడే కనిపిస్తుంది.

ప్రతిసారీ బోర్డు దగ్గరికి పిలిచినప్పుడో, కొత్త లెక్క ఇచ్చినప్పుడో మొదలవుతుంటే వాడు పని తప్పించుకుంటున్నాడు. ఇంటర్వెల్‌లో వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఐదే ఐదు లెక్కలు ఇవ్వండి: ఏడో ఎక్కంలో ఒకటి, రెండంకెల భాగహారం ఒకటి, అరకు మూడో వంతు కలపడం ఒకటి, రుణ సంఖ్యల తీసివేత ఒకటి, ఇవాళ్టి పాఠంలోది ఒకటి. ఎక్కడ పెన్ను ఆగుతుందో చూడండి. అక్కణ్నుంచి ఒక నెలపాటు క్లాసులో వాడికి ఇచ్చే నాలుగు లెక్కల్లో మూడు వాడికి వచ్చినవే ఉండాలి, ఒకటి కొత్తది. బోర్డు దగ్గరికి హఠాత్తుగా పిలవకండి. ఏ లెక్కకు పిలుస్తారో ముందు రోజే చెవిలో చెప్పండి. పదమూడేళ్ల పిల్లాడు యాభై మంది ముందు రాదని తేలడం కన్నా చెడ్డవాడనిపించుకోవడానికే ఇష్టపడతాడు. పెద్దవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం బెత్తాలు అటకెక్కుతాయి.

నాలుగో గడిలో ఎప్పుడూ తోటివాళ్ల నవ్వే ఉంటే చోటు మార్చండి, కానీ ముందు బెంచీ నడిమధ్యకు తీసుకురాకండి. అది స్టేజీ, అందరి కళ్లూ వాడి మీదే ఉంటాయి. గోడవైపు రెండో బెంచీ మేలు. మీరు నడిచే దారిలో ఉంటాడు, వెనక్కి తిరిగితే గోడే కనిపిస్తుంది.

మీ అరుపే వాడికి కావలసిందైతే చిన్నచిన్న వాటిని పట్టించుకోకుండా వదిలేయాలి, బదులుగా మొదటి మూడు నిమిషాల్లోనే వాడి దగ్గర ఆగి నోటుబుక్కు చూసి ఒక మాట చెప్పాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో అల్లరి తగ్గదు, పెరుగుతుంది. ఇంతకుముందు పనిచేసిన ఎత్తు పారకపోతే ఎవరైనా గట్టిగా ప్రయత్నిస్తారు. నాలుగో రోజు ఓపిక పోయి అరిచారంటే, ఇంకా గట్టిగా చేస్తే పని జరుగుతుందని మీరే నేర్పినట్టు. అప్పుడప్పుడూ మాత్రమే ఫలం దక్కే అలవాటు అన్నిటికన్నా మొండిదని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. అయితే ఎవరికైనా దెబ్బ తగిలేది ఏదైనా చేస్తే వెంటనే అడ్డుకోవాలి, అక్కడ పట్టించుకోకపోవడం పనికిరాదు.

ఒంటి సంగతి కూడా చూడండి. బోర్డు చూసి రాయమన్నప్పుడే పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తూ గొడవ పడుతున్నాడంటే చూపు పరీక్ష చేయించాలి. వెనక బెంచీలో మీరే ఒకసారి కూర్చుని మీ చేతిరాత కనిపిస్తుందో లేదో చూసుకోండి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు రాత్రంతా 32 కిలోమీటర్లు నడిచొచ్చిన పిల్లలు మర్నాడు విసుక్కుంటే అది నిద్ర. ఆ రోజు పేజీలో ఏం రాసినా లెక్కలోకి తీసుకోకండి.

ఇక క్లాసు మొత్తం గోల. దాని మూలం చాలాసార్లు కుళాయిల దగ్గరుంటుంది. కంచాలు కడుక్కునే పిల్లలు వందల్లో, కుళాయిలు నాలుగో ఐదో. గంట కొట్టాక కూడా పది నిమిషాలు ఇద్దరిద్దరుగా వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లకు పనుండదు, రానివాళ్ల కోసం మీరు ఆగుతారు. ఆ ఖాళీలోనే గోల పుడుతుంది. కాబట్టి పిల్లలు రాకముందే బోర్డు మీద మూడు లెక్కలు ఉండాలి, అన్నీ నిన్నటివి, మొదటి రెండూ ఎవరికైనా వచ్చేవి. మీరు గుమ్మంలో నిలబడండి, సగం చూపు వరండా మీద, సగం క్లాసు మీద. వచ్చినవాడు వచ్చినట్టు కూర్చుని మొదలుపెట్టాలి. ఆరో నిమిషానికి జవాబులు చెప్పేసి పాఠంలోకి వెళ్లిపోండి, ఆలస్యంగా వచ్చినవాళ్లకోసం మళ్లీ చెప్పొద్దు. రెండు వారాలు ఒక్కరోజు కూడా తప్పకపోతే అలవాటవుతుంది. మంగళవారం చేసి బుధవారం మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఎవరినైనా సరిచేయాల్సి వస్తే బోర్డు దగ్గర్నుంచి పేరు పెట్టి అరవకండి. చెబుతున్న పాఠం ఆపకుండానే నడుచుకుంటూ వెళ్లి బెంచీ పక్కన నిలబడండి. సగం సార్లు అంతే చాలు. చాలకపోతే కొంచెం వంగి, వాడికి మాత్రమే వినపడేలా, "రెండో లెక్క మొదలుపెట్టు, నేనొచ్చి చూస్తాను" అనండి. "ఎందుకు చేశావ్?" అని అడగొద్దు, దానికి జవాబు వాడి దగ్గరా ఉండదు. చెప్పిన వెంటనే అక్కణ్నుంచి కదిలిపోండి. పది క్షణాలు చూడకండి. మీరు తలమీద నిలబడి ఉంటే, అందరూ చూస్తుండగా లొంగినట్టవుతుందని ఆ వయసువాడు పెన్ను ముట్టుకోడు.

తప్పు చేసినవాడు దాన్ని సరిచేయాలి, అంతవరకే. పారేసింది ఏరాలి, చింపిన పేజీ తిరిగి రాసివ్వాలి, పాడుచేసిన పది నిమిషాల పని ఇంటర్వెల్‌లో మీ దగ్గర కూర్చుని పూర్తిచేయాలి. వందసార్లు రాయించడం వద్దు, రాత మీదే రోత పుడుతుంది. ఒకడి తప్పుకు అందరి ఆటల పీరియడ్ కోసేయడం అన్యాయం, 51 మంది మీకు ఎదురు తిరుగుతారు.

బెత్తం విషయం హెచ్చెమ్ గారితో గౌరవంగానే, కానీ తేల్చి చెప్పండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం, కులాన్నో తండ్రి పనినో ఎత్తి తిట్టడం అన్నీ అందులోవే. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదని 16వ సెక్షన్ చెబుతోంది, అందుకే టీసీ ఇచ్చేస్తామన్న బెదిరింపూ వద్దు. చట్టం సంగతి అలా ఉంచినా, బెత్తం భయం బెత్తం ఉన్న గదిలోనే పనిచేస్తుంది. మీరు సెలవు పెట్టిన రోజు పక్క టీచరు పడే పాట్లు చూస్తే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు మొదటి ఫోన్ ఫిర్యాదుతో చేయకండి. స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టుకు వెళ్లిన తండ్రి సాయంత్రం దొరకడు, ఏ వేళైతే వీలో పిల్లాణ్నే అడగండి. వాడు బాగా చేసిన పని ఒకటి, మీ పేజీలోంచి ఒక సంఘటన, వాళ్లు ఇంట్లో చేయగలిగింది ఒకటి, ఈ మూడే చెప్పండి. ఇంట్లో కొడతారని అనుమానముంటే రెండోది ఫోన్‌లో చెప్పకుండా, బడికి పిలిచి ఎదురుగా మాట్లాడండి.

నెమ్మదస్తుడైన పిల్లాడు రెండు మూడు వారాల్లో హఠాత్తుగా మారిపోతే, ఇంటికి వెళ్లనంటుంటే, ఒంటి మీద గాయాలుంటే ఇదంతా పక్కన పెట్టండి. మీరు విచారణ చేయొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక వేధింపు అనిపిస్తే, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలియజేయడం మీ బాధ్యత, హెచ్చెమ్ గారు వద్దన్నా సరే.

రేపే మీరు చేయాల్సింది రెండు పనులు: బోర్డు మీద మూడు లెక్కలు, డైరీలో నాలుగు గళ్లు. ఆరు రోజుల తర్వాత రెండో గడిలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి, పిల్లాడి పేరు మాత్రం వద్దు. ఆ అబ్బాయికి ఏది పనిచేస్తుందో అప్పుడు కలిసి చూద్దాం.