డ్రగ్స్ పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం: మా అమ్మాయికి సరిపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. మాదకద్రవ్యాలను పరీక్షించే ల్యాబ్‌లోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. ఇదంతా టీవీ సీరియళ్ల ప్రభావమేమోనని నా అనుమానం. ఆ పదార్థాల మధ్య పనిచేయడం ప్రమాదం కాదా? చదివిస్తే ఫోరెన్సిక్ సైన్స్ చదివించాలా, కెమిస్ట్రీలోనే పీజీ చేయించాలా? – ఒక తండ్రి

జవాబు: మీ అనుమానం నిజమే కావచ్చు. సీరియల్ చూసి పుట్టిన ఇష్టం కాబట్టి పనికిరాదని మాత్రం అనను. అయితే తెరపై కథ ముగిసేచోట అసలు పని మొదలవుతుంది. అక్కడ పొడి మీద ఒక చుక్క వేస్తారు, రంగు మారుతుంది, మరుక్షణం ఎవరి చేతులకో బేడీలు పడతాయి. ల్యాబ్‌లో రంగు మారితే, ఇక దీన్ని సరిగ్గా పరీక్షించాలి అని మాత్రమే అర్థం.

ఆ చుక్కల్లో పేరున్నది మార్క్విస్ రియేజెంట్. ఫార్మాల్డిహైడ్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపితే వచ్చేది. హెరాయిన్, మార్ఫిన్ వంటివాటితో ఊదా రంగు ఇస్తుంది, యాంఫెటమిన్ జాతితో నారింజ నుంచి గోధుమ రంగుకు మళ్లుతుంది. కొకైన్‌కు వాడే కోబాల్ట్ థయోసయనేట్ నీలంగా మారుతుంది. చిక్కేమిటంటే, అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్‌తోనూ అది నీలంగా మారగలదు. 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక కారులో రాలి ఉన్న డోనట్ చక్కెర పూత పలుకులను రోడ్డు పక్క పరీక్షలో మెథాంఫెటమిన్‌గా లెక్కగట్టి, కారులో ఉన్న మనిషిని అరెస్టు చేశారు. తర్వాత ల్యాబ్‌లో అది మత్తుమందు కాదని తేలింది. నవ్వొచ్చే సంగతే, జైలుకు వెళ్లింది మనం కాకపోతే.

అందుకే రంగు పరీక్ష తర్వాత వేరే సూత్రం మీద నడిచే పద్ధతితో నిర్ధారించాలి. ఎక్కువ ల్యాబుల్లో ఆ పని చేసేది గ్యాస్ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటర్‌ను జోడించిన యంత్రం. మిశ్రమంలోని పదార్థాలను ఆవిరి చేసి సన్నటి పొడవాటి గొట్టం గుండా పంపితే ఒక్కొక్కటి ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. వచ్చినదాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేస్తే, ఆ ముక్కల బరువుల వరుస ఆ అణువుకు వేలిముద్ర లాంటిది. కొకైన్ అణుభారం 303, అది విరిగితే యంత్రం గీసే పటంలో 182, 82 బరువుల దగ్గర బలమైన గీతలు కనిపిస్తాయి.

వేలిముద్ర అన్నానే గానీ, ఆ పోలిక అన్నిచోట్లా నిలవదు. మెథాంఫెటమిన్‌కూ, ఆకలి తగ్గించడానికి వైద్యులు రాసే ఫెంటర్‌మిన్‌కూ ఒకే ఫార్ములా, ఒకే అణుభారం, రెండింటిలోనూ అన్నిటికంటే పెద్ద గీత 58 దగ్గరే. గొట్టం నుంచి బయటికి వచ్చిన సమయమే వాటిని వేరుచేస్తుంది. అంతటితో అయిపోలేదు. మెథాంఫెటమిన్‌లోనే కుడి, ఎడమ రూపాలున్నాయి. అద్దంలో బొమ్మల్లాంటి ఆ రెంటిలో ఎడమ రూపం కొన్ని దేశాల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఇన్‌హేలర్లలో దొరికే మందు. మామూలు గొట్టం వాటి మధ్య తేడా చూడలేదు. అందుకు ఆ రూపాలను వేరుచేసే కైరల్ కాలమ్ అనే ప్రత్యేకమైన గొట్టం వాడాలి. ఇంకొన్నిసార్లు యంత్రమే నమూనాను మార్చేస్తుంది. మత్తునిచ్చే పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ ఆ వేడికి ఫాస్ఫేట్‌ను పోగొట్టుకుని సైలోసిన్‌గా బయటికి వస్తుంది. ఆ సంగతి తెలియని విశ్లేషకుడు లేని పదార్థం పేరు నిశ్చింతగా రాసేస్తాడు.

ఎంత ఉందో చెప్పడం మరో పని, నా దృష్టిలో ఇదే కష్టం. తెలిసిన గాఢతలకు యంత్రం ఎంత సంకేతమిస్తుందో కొలిచి, పోల్చుకోవడానికి క్యాలిబ్రేషన్ గీత గీయాలి. నమూనాను సిద్ధం చేసేటప్పుడు జరిగే నష్టాన్ని పట్టుకోవడానికి, కొన్ని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న అదే అణువును కొలిచి కలపాలి. చివరికి సంఖ్య వచ్చాక కూడా అది దేని సంఖ్యో చెప్పాలి. కొకైన్ హైడ్రోక్లోరైడ్ అనే లవణంలో అసలు కొకైన్ (బేస్) సుమారు 89 శాతమే. ఒకే గ్రాము స్వచ్ఛమైన పొడిని ఒక నివేదిక 100 శాతం అనవచ్చు, మరొకటి 89 అనవచ్చు, రెండూ సరైనవే. బరువును బట్టి శిక్ష మారే చోట ఈ ఒక్క మాట రాయకపోతే ఏమవుతుందో ఆలోచించండి.

మూత్రం, రక్తం పరీక్షల్లో పరిమాణాలు ఇంకా చిన్నవి, మిల్లీలీటరుకు నానోగ్రాములు. ఎంత దొరికితే పాజిటివ్ అనాలి, ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నదే అక్కడ పెద్ద ప్రశ్న. గసగసాలు తిన్నవాళ్ల మూత్రంలోనూ మార్ఫిన్ కనిపిస్తుంది. అందుకే అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో 300 నానోగ్రాములుగా ఉన్న హద్దును 1998లో 2,000కు పెంచారు. హెరాయిన్ వాడారని చెప్పాలంటే 6-ఎసిటైల్‌మార్ఫిన్ అనే అవశేషం దొరకాలి, గసగసాల నుంచి అది రాదు. కానీ అది కొన్ని గంటల్లోనే మాయమవుతుంది.

ఈ విద్య పోలీసు కేసులకే పరిమితం కాదన్నది మీ అమ్మాయికి చెప్పండి. 2005లో ఇటలీ పరిశోధకులు పో నది నీటిలో కొకైన్ అవశేషాన్ని కొలిచి, నది రోజుకు సుమారు 4 కిలోల కొకైన్‌కు సమానమైనంత మోస్తోందని లెక్కగట్టారు. ఎవరి ఇంటి తలుపూ తట్టకుండా, ఎవరి పేరూ అడగకుండా ఊరి అలవాటును మురుగునీటిలో చదవడం అప్పుడు ఊపందుకుంది. ఇప్పుడు ఐరోపాలో ఎన్నో నగరాల్లో ఏటా ఇలా కొలుస్తున్నారు. క్రీడాకారుల డోపింగ్ పరీక్షలు, ఆస్పత్రుల్లో విషప్రభావ పరీక్షలు, మందుల కంపెనీల నాణ్యతా విభాగాలు కూడా ఇవే యంత్రాల మీద నడుస్తాయి. కనుక కోరుకున్న ల్యాబ్‌లో చోటు దొరక్కపోయినా నేర్చుకున్న పని వృథా పోదు.

ప్రమాదం గురించి అడిగారు. ఫెంటనిల్ వంటి అతి శక్తిమంతమైన మత్తుమందులు మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తాయి కాబట్టి చేతి తొడుగులు, ఆవిర్లను లాగేసే ఫ్యూమ్ హుడ్, దగ్గరలో విరుగుడు మందు నాలోక్సోన్ ఉండాల్సిందే. అయితే వేలికి తగిలితేనే కుప్పకూలుతారన్నది అతిశయోక్తి. అలా చర్మం ద్వారా విషప్రభావం కలగడం చాలా అరుదని అమెరికాలోని విషవైద్య నిపుణుల సంఘం 2017లోనే చెప్పింది. నేను భయపడే ప్రమాదం వేరు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక ల్యాబ్ కెమిస్ట్ అందరికంటే వేగంగా ఫలితాలిస్తున్నారని పేరు తెచ్చుకున్నారు. ఎన్నో నమూనాలను పరీక్షించకుండా కంటితో చూసి ఫలితం రాసేశారని 2012లో బయటపడింది. 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేయాల్సి వచ్చింది. ఈ ఉద్యోగంలో బద్ధకం కంటే, మెప్పు కోసం తొందరపడే స్వభావం ఎక్కువ హాని చేస్తుంది.

ఇక చదువు. నన్నడిగితే ముందు కెమిస్ట్రీలో, అందులోనూ అనలిటికల్ కెమిస్ట్రీలో పీజీ. ఫోరెన్సిక్ కోర్సులన్నీ ఒకలా ఉండవు. కొన్నింటిలో వేలిముద్రలు, చేతిరాత, చట్టాలు అన్నీ కొద్దికొద్దిగా చెప్పి, క్రొమటోగ్రఫీ యంత్రాన్ని దూరం నుంచి చూపిస్తారు. ఏ కోర్సయినా చేరేముందు ఒకటే అడగండి: విద్యార్థి స్వయంగా యంత్రం మీద కూర్చునే గంటలెన్ని? స్టాటిస్టిక్స్ తప్పించుకోవద్దని చెప్పండి. కొలతలో అనిశ్చితి ఎంతో చెప్పలేని ఫలితం, ల్యాబుల ప్రమాణమైన ఐఎస్ఓ 17025 ముందు నిలవదు. మాట్లాడటం కూడా రావాలి. కోర్టులో ఎదుటి లాయరు గంటసేపు గుచ్చిగుచ్చి అడిగితే, "ఆ సంగతి నా పరీక్ష చెప్పదు" అని తడబడకుండా అనగలగాలి.

ఆమెకు ఈ పని సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి మీ చేతిలోనే ఒక దారి ఉంది. ఆమె ప్రాక్టికల్స్‌లో అప్పటికప్పుడు అంకెలు రాసుకున్న చిత్తు పుస్తకం అడిగి తీసుకోండి, అందంగా తిరగరాసిన రికార్డు వద్దు. తప్పు పడిన అంకెను తెల్ల రంగు పూసి దాచిందా, లేక చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసిందా చూడండి. టైట్రేషన్ (చుక్కచుక్కగా ద్రావణం కలిపి గాఢత కొలిచే ప్రయోగం) మూడుసార్లు చేసి మూడు వేర్వేరు విలువలు వచ్చినచోట ఆమె ఏం రాసిందో కూడా చూడండి.